బ్యాంకాక్‌లో ఐదు రోజులు: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, మూడేళ్ళ పాప. ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి?

గోరింటపూలు:

జనవరి రెండో వారంలో బ్యాంకాక్ వెళ్తున్నాం. గురువారం పొద్దున సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతాం, మంగళవారం పొద్దున తిరుగు విమానం. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, మావయ్యగారు (71), అత్తయ్యగారు (66), బాబు (8), పాప (3). అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కడం కన్నా దిగడం ఆవిడకి ఎక్కువ కష్టం. పెద్దవాళ్ళిద్దరూ గుడ్డు కూడా ముట్టరు. పాప మధ్యాహ్నం నిద్ర పోకపోతే సాయంత్రం ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

నా సందేహాలు ఇవి. గదులు నది ఒడ్డున తీసుకోవాలా, సయామ్ దగ్గరా, నానా దగ్గరా? నానాలో మన తిండి దొరుకుతుందనీ, గదులూ చవకనీ అంటున్నారు. రైలు స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయా, స్ట్రోలర్ తేవచ్చా? గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో గుడి, వాట్ అరుణ్ గుడి మూడూ ఒక రోజులో అయిపోతాయా? డామ్నోన్ సదువాక్ ఫ్లోటింగ్ మార్కెట్, దుసిత్ జూ కూడా జాబితాలో రాసుకున్నాం. తీసెయ్యాల్సినవి మొహమాటం లేకుండా చెప్పండి.

రేవుదారి:

ముందు తీసివేతలు. దుసిత్ జూ 2018లోనే మూతపడింది. పాత గైడ్లలో, పాత వీడియోల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. డామ్నోన్ సదువాక్ ఊరికి దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున లేవాలి, వెళ్ళిరావడానికే మూడు నాలుగు గంటలు కారులో కూర్చోవాలి, తీరా చేరాక నీటి మట్టానికి కూర్చునే బల్లకట్టు లాంటి పడవలోకి దిగాలి. దిగడమే కష్టమన్నారు కదా, అదీ కొట్టేయండి. పిల్లలకి ఆ సరదా తీరాలంటే ఐకాన్‌సయామ్ మాల్ కింది అంతస్తులో ఏసీలో కట్టిన బజారు ఉంది, పడవల మీద పెట్టి అమ్ముతారు. అసలైనది కాదు నిజమే, డామ్నోన్ సదువాక్ కూడా ఇప్పుడు అంత అసలైనదేమీ కాదు.

ఇక గదులు. ఈ ఊళ్ళో కుటుంబాన్ని అలిసిపోయేలా చేసేది దూరం కాదు. స్టేషన్ నుంచి రోడ్డు మీదికి దిగే మెట్లు, మధ్యాహ్నపు ఎండ, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కదలని ట్రాఫిక్. అందుకే గది ఎంత బాగుందన్నది తర్వాత, ఏ స్టేషన్‌కి ఎన్ని అడుగులు అన్నది ముందు చూడండి.

మీ ఆరుగురికీ అశోక్ కూడలి సరిపోతుంది. అక్కడ పైన బీటీఎస్ (రోడ్డు పైన వంతెన మీద నడిచే రైలు) అశోక్ స్టేషన్, కింద ఎంఆర్‌టీ (మెట్రో) నీలి లైను సుఖుంవిత్ స్టేషన్, రెండూ కలిసే చోటు. అసలు విషయం ఆ నీలి లైనే. సుఖుంవిత్‌లో ఎక్కితే మారకుండా సనమ్ చాయ్‌లో దిగొచ్చు, వాట్ ఫో అక్కడే. అదే రైల్లో ఒక స్టేషన్ ముందు సామ్ యోత్, అంటే పహురాత్, మనవాళ్ళ బజారు. ఇంకా ముందు లుంఫిని, సీ లోమ్ స్టేషన్లలో దిగితే లుంఫిని పార్కు. ఎదురు దిక్కు రైలెక్కితే చతుచక్, వారాంతపు బజారు. ఒకే లైను కాబట్టి లైను మారే గొడవ లేదు. పైగా నీలి లైను స్టేషన్లన్నింటికీ లిఫ్టులున్నాయి.

బీటీఎస్ సంగతి వేరు. 1999లో మొదలైనప్పుడు అశోక్, సయామ్ లాంటి అయిదు స్టేషన్లకే లిఫ్టులు పెట్టారు. అన్ని స్టేషన్లకీ పెట్టమని 2015లో అక్కడి సుప్రీం అడ్మినిస్ట్రేటివ్ కోర్టు నగర పాలక సంస్థకి చెప్పాక మిగతావి ఒక్కొక్కటీ వచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి, కానీ తరచుగా రోడ్డుకి ఒక పక్కనే. ఎదుటి పక్కకి దిగారంటే నలభై యాభై మెట్లు. స్టేషన్‌లో గోడ మీద పటం ఉంటుంది, అందులో లిఫ్టు గుర్తున్న ఎగ్జిట్ నంబరు చూసుకున్నాకే గేటు దాటండి. స్ట్రోలర్ మామూలు గేట్లలో ఇరుక్కుంటుంది, ఉద్యోగి కూర్చునే గది పక్కన వెడల్పు గేటు ఉంటుంది, చెయ్యి ఊపితే తెరుస్తారు.

స్ట్రోలర్ తేండి, కానీ గొడుగులా మడిచేది, అయిదారు కిలోలు దాటనిది. మాల్స్‌లో, పార్కుల్లో, అశోక్ నుంచి టెర్మినల్ 21 మాల్‌లోకి వెళ్ళే వంతెన మీద బాగా పనికొస్తుంది. ఫుట్‌పాత్ మీద మాత్రం చెట్టు వేళ్ళకి లేచిపోయిన పలకలు, మధ్యలో స్తంభం, తోపుడుబళ్ళు, ఒక్కోసారి పక్కనుంచి దూసుకుపోయే మోటార్‌సైకిల్. గుళ్ళకి పాపని ఎత్తుకునే క్యారియర్ వేరే పెట్టుకోండి.

సయామ్, చిత్ లోమ్ కూడా మంచివే, అక్కడ స్కైవాక్ ఉంది, కిలోమీటరు దాకా రోడ్డు మీదికి దిగకుండా నడవొచ్చు. కానీ అక్కడి నుంచి గుళ్ళ వైపు వెళ్ళాలంటే లైను మారాలి, లేదా ట్రాఫిక్‌లో పడాలి.

నానా గురించి సూటిగా చెప్తాను. పగలు మామూలు వీధే. చీకటి పడ్డాక సోయ్ 4 (సోయ్ అంటే సందు) మొదట్లో బార్లు, రోడ్డు మీద నిలబడి పిలిచేవాళ్ళు. ఎనిమిదేళ్ళ బాబు అడిగే ప్రశ్నలకి అత్తమామల ముందు జవాబు చెప్పాల్సి వస్తుంది. గదులు చవకగా ఉండటానికి ఒక కారణం అదే. తిండి కోసం అక్కడ దిగక్కర్లేదు, అశోక్ నుంచి ఒక్క స్టేషనే. అశోక్‌లో కూడా ఒకటి గుర్తుంచుకోండి: సోయ్ 21, 23 మధ్య ఉన్న సోయ్ కౌబాయ్ అనే సందు అలాంటిదే. హోటల్ ఆ సందు పక్కన కాకుండా చూసుకుంటే చాలు, మిగతా చుట్టుపక్కలంతా ఆఫీసులు, మాల్సే.

హోటల్ గది కన్నా వంటగది, బట్టలుతికే మెషీన్ ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ మీకు నయం. రెండు గదులు విడిగా తీసుకుంటే మధ్యలో తలుపున్న కనెక్టింగ్ గదులు కావాలని ముందే రాయించుకోండి. బుకింగ్‌లో రాసినంత మాత్రాన ఇవ్వాలని లేదు, మెయిల్‌లో ఖాయం చేయించుకోవాలి.

లెక్కలమాస్టారు:

డబ్బు, కాగితాలు, విమానాశ్రయం వరకు చెప్తాను.

థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపే నింపాలి, ముందే నింపేద్దామంటే కుదరదు. మనిషికొకటి, మూడేళ్ళ పాపకి కూడా. ఒకే దరఖాస్తులో కుటుంబమంతటినీ చేర్చొచ్చు. పైసా కట్టక్కర్లేదు. వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు డబ్బు అడుగుతాయి, అవి దళారులవి. ఇమ్మిగ్రేషన్ శాఖ సొంత సైటులోనే చేయండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులకి ఇక్కడే తికమక, నింపే ముందు సైటులోని సూచన చదవండి. వీసా నిబంధనలు ఈమధ్య మారుతూ ఉన్నాయి, టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం సైటు చూడండి.

విమానాశ్రయంలో డబ్బు మార్చుకోవాలంటే సామాను తీసుకునే హాల్లో వద్దు. కింద రైలు స్టేషన్ ఉన్న అంతస్తులో కౌంటర్లున్నాయి, రేటు నయం. చిరిగిన, గీతలున్న నోట్లు తీసుకోరు. ఏటీఎంలో విదేశీ కార్డుకి తీసిన ప్రతిసారీ 220 బాట్ లేదా ఆ పైన పట్టుకుంటారు, అందుకే నాలుగుసార్లు కొంచెం కొంచెం కాకుండా ఒక్కసారే తీయండి. తెర మీద ‘మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దని నొక్కండి. ఒప్పుకుంటే ఆ రేటు వాళ్ళు వేసుకున్నది, నష్టం మీది.

ఊళ్ళోకి రావడం: ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఫాయా థాయ్ దాకా మనిషికి 45 బాట్, అరగంట. మక్కసన్‌లో దిగి వంతెన మీదుగా నడిస్తే ఎంఆర్‌టీ ఫెత్‌బురి, అక్కడి నుంచి సుఖుంవిత్ ఒక్క స్టేషనే. ఇద్దరు కుర్రాళ్ళయితే అదే చెప్పేవాణ్ణి. ఆరుగురు, నాలుగు పెట్టెలు, నిద్రపోతున్న పాపతో మాత్రం వద్దు. మామూలు టాక్సీలో నలుగురే పడతారు, అందులోనూ చాలా టాక్సీల డిక్కీలో గ్యాస్ సిలిండర్ అడ్డంగా ఉంటుంది, పెద్ద పెట్టె ఒకటి పెడితే మూత పడదు. కాబట్టి ఒకటో అంతస్తులో టాక్సీ వరుసల దగ్గర పెద్ద బండ్ల వరుస వేరే ఉంటుంది, అందులో నిలబడండి. మెషీన్ ఇచ్చే చీటీ మీద లేన్ నంబరు ఉంటుంది. ఆ చీటీ డ్రైవర్‌కి ఇచ్చేయకండి, ఫిర్యాదు చేయాలన్నా, సామాను మర్చిపోయినా ఆధారం అదే. మీటరు మీద 50 బాట్ విమానాశ్రయ రుసుము, హైవే టోల్ మీరే కట్టాలి. మామూలు దారిలో 25, 50 బాట్లు, రెండు గేట్లు. వంద నోట్లు చేతిలో పెట్టుకోండి. లేదా ఆరుగురు పట్టే బండి గ్రాబ్‌లో (మన ఊబర్ లాంటి యాప్) పిలవండి, రేటు ముందే కనిపిస్తుంది.

ఊళ్ళో టాక్సీ మీటరు 35 బాట్లతో మొదలవుతుంది. ఎక్కేముందు ‘మీటర్’ అని అడగండి, తల అడ్డంగా ఊపితే తలుపు వేసి తర్వాతిది ఆపండి. వాదించి లాభం లేదు. హోటల్ ముందు కాచుకుని ఉన్న బండి కన్నా రోడ్డు మీద వెళ్తున్న బండి మీటరు వేసే అవకాశం ఎక్కువ. హోటల్ విజిటింగ్ కార్డు థాయి లిపిలో ఉన్నది అందరి జేబుల్లో ఒక్కొక్కటి పెట్టండి, మావయ్యగారి జేబులో కూడా.

రైలు టికెట్లు: బీటీఎస్, ఎంఆర్‌టీ రెండూ వేర్వేరు సంస్థలు, ఒకదాని టికెట్ ఇంకోదానిలో చెల్లదు. ఎంఆర్‌టీ గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ నేరుగా తాకించొచ్చు, కానీ ఒక కార్డు ఒక మనిషికే. ఒకే కార్డుతో ఇద్దర్ని పంపితే రెండో మనిషి గేటు తెరుచుకోదు. ఫోన్‌తో తాకించి లోపలికెళ్తే బయటికీ ఫోన్‌తోనే రావాలి. అదే ఖాతా అయినా ప్లాస్టిక్ కార్డుని గేటు వేరే కార్డనుకుంటుంది. పెద్దవాళ్ళకి విడిగా టోకెన్లు కొనడం సులువు, నల్లటి బిళ్ళలు, లోపలికి వెళ్ళేటప్పుడు తాకించాలి, బయటికి వచ్చేటప్పుడు చిల్లులో వేయాలి. పిల్లలు బిళ్ళ ఎక్కడో పడేస్తే జరిమానా, మీ దగ్గరే ఉంచండి. 90 సెంటీమీటర్ల ఎత్తు దాటని పిల్లలకి రెండింటిలోనూ టికెట్ లేదు. వయసు కాదు, ఎత్తే లెక్క. బయల్దేరేముందు ఇద్దరి ఎత్తూ కొలిచి రాసుకోండి, గ్రాండ్ ప్యాలెస్‌లోనూ పనికొస్తుంది, అక్కడ 120 సెంటీమీటర్ల లోపు వాళ్ళకి ఉచితం.

ఇంకో చిన్నది. కరెంటు మన వోల్టేజే, రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ పడుతుంది. మూడు పిన్నులది పట్టదు. అడాప్టర్ ఒకటి, మల్టీప్లగ్ ఒకటి తెస్తే ఆరుగురి ఫోన్లూ గడుస్తాయి.

చెట్టునీడ:

రేవుదారిగారితో అశోక్ దగ్గర ఒప్పుకుంటాను, గ్రాండ్ ప్యాలెస్ దగ్గర మాత్రం ఒక చేర్పు. సనమ్ చాయ్‌లో దిగితే వాట్ ఫో దగ్గరే, కానీ ప్యాలెస్ దగ్గర కాదు. పటంలో గోడ పక్కనే కనిపిస్తుంది, ఆ గోడ చుట్టుకొలత 1,900 మీటర్లు, సందర్శకులకి ద్వారం ఉత్తరం వైపు నా ఫ్రా లాన్ రోడ్డు మీద. స్టేషన్ నుంచి గోడ వెంట నడుస్తూ పోతే కిలోమీటరు పైనే, నీడ తక్కువ. అత్తయ్యగారి ఓపిక లోపలికి వెళ్ళకముందే అయిపోతుంది. ఆ రోజు అశోక్ నుంచి పొద్దున్నే బండి మాట్లాడుకుని నేరుగా ఆ ద్వారం దగ్గర దిగండి. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఎనిమిదీ పావుకల్లా అక్కడుంటే గుంపులు రాకముందే లోపలుంటారు. పదిన్నరకి బయటపడాలి. టికెట్ 500 బాట్, అమ్మకం మధ్యాహ్నం మూడున్నరతో ఆగిపోతుంది.

మూడూ ఒక రోజులో వద్దు. ప్యాలెస్ ఒక పొద్దున, వాట్ ఫో, వాట్ అరుణ్ ఇంకో పొద్దున.

బట్టలు: భుజాలు, మోకాళ్ళు కప్పాలి. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు, చిరుగుల జీన్స్ కుదరవు. చేతులున్న జాకెట్‌తో చీర నిక్షేపంగా ఉంటుంది. చేతుల్లేని దాని మీద శాలువా కప్పుకుంటే చాలనుకోకండి, ప్యాలెస్ గేటు దగ్గర ఒప్పుకోకపోవచ్చు. బాబుకి కూడా పొడుగు ప్యాంటే వేయండి. గుడి లోపలికి చెప్పులు విప్పాలి కాబట్టి అత్తయ్యగారికి వంగి కట్టుకోనక్కర్లేని చెప్పులు. గడపలు ఎత్తుగా ఉంటాయి, వాటి మీద కాలు పెట్టకూడదు, దాటాలి. అక్కడ ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

మావయ్యగారికి నచ్చేది మాత్రం ప్యాలెస్‌లోనే ఉంది. మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న మండపం గోడల మీద 178 పలకల్లో రామాయణం, అక్కడి పేరు రామకియన్. ఉత్తరం వైపు ద్వారం దగ్గర సీత దొరకడంతో మొదలై గడియారం దిశలో తిరుగుతుంది. మండపానికి కప్పుంది, ఎండ తగలదు, పిల్లలకి తెల్ల హనుమంతుణ్ణి వెతకమంటే అరగంట గడిచిపోతుంది. పది తలల తోట్సకన్ అంటే మన దశకంఠుడే. ఒక హెచ్చరిక: రామకియన్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, ఆ పలకల దగ్గర మావయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. బుద్ధుడు ఉన్న గదిలో ఫొటోలు తీయకూడదు. విగ్రహం చిన్నది, మూడడుగులు కూడా ఉండదు, ఎత్తున కూర్చుని ఉంటాడు. కాలాన్ని బట్టి ఏడాదికి మూడుసార్లు వస్త్రం మారుస్తారు, జనవరిలో చలికాలపు వస్త్రంలో ఉంటాడు.

వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు. టికెట్ 300 బాట్. జనం పాదాల దగ్గర ఫొటోకి ఆగిపోయి వెనక్కి వెళ్ళిపోతారు. వీపు వైపు వెళ్ళండి, గోడ వెంట 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. 20 బాట్ ఇస్తే చిన్న గిన్నె నిండా చిల్లర ఇస్తారు, ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. నాణేలు అటూ ఇటూ అయి 108 లెక్క తప్పుతుంది, పిల్లలు గొడవ పడకుండా రెండు గిన్నెలు కొనండి. ఆ టంగ్ టంగ్ చప్పుడు హాలంతా వినిపిస్తూనే ఉంటుంది.

అక్కడి నుంచి థా తియెన్ రేవు, నది దాటితే వాట్ అరుణ్. ద్వారం దగ్గర నిలబడ్డ ఇద్దరు రాక్షసుల్లో ఆకుపచ్చవాడు తోట్సకన్. గోపురం మెట్లు చాలా నిట్టనిలువు, అత్తయ్యగారు కింద చెట్ల నీడన కూర్చోవడమే మంచిది. కింది నుంచి చూసినా పింగాణీ ముక్కల పనితనం తెలుస్తుంది.

పడవ గురించి భయం వద్దు గానీ జాగ్రత్త కావాలి. ఆ నదికి పోటు, ఆటు ఉంటాయి. ఆటు వేళ రేవు కిందికి దిగిపోయి గట్టు నుంచి దిగే బల్ల ఏటవాలు పెరుగుతుంది. ఆవిడకి కష్టమయ్యేది సరిగ్గా అదే, కమ్మీ వైపు నడిపించండి. పెద్ద ఎక్స్‌ప్రెస్ పడవలు రేవులో అర నిమిషం ఆగవు. వెనక భాగం నుంచే ఎక్కాలి, అక్కడున్న కుర్రాడు ఈల వేస్తాడు, ముందు కూర్చున్న నడిపేవాడికి వెనక ఏం జరుగుతోందో కనిపించదు, ఆ ఈలే సంకేతం. ఈల వినపడ్డాక ఎక్కకండి. స్ట్రోలర్ ముందే మడవండి. నారింజ జెండా పడవకి ఎంత దూరమైనా 16 బాట్. కండక్టరు చిల్లర వేసిన పొడుగు రేకు గొట్టం గలగలలాడించుకుంటూ మీ దగ్గరికే వస్తాడు. సాథోర్న్ రేవులో బల్లల దగ్గర మిమ్మల్ని ఆపి అమ్మేది టూరిస్టు పడవ, దాని ధర ఎక్కువ. కాస్త కుదురుగా కూర్చుని పోవాలంటే అది కూడా తప్పేమీ కాదు.

ఉప్పుకారం:

తిండి దగ్గర ఒక్క అపార్థం తీరిస్తే మిగతా అంతా సులువు. అక్కడ ‘వెజిటబుల్’ అని రాసి ఉంటే కూరగాయలు ఉన్నాయని అర్థం, మాంసం లేదని కాదు. కూరగాయల వేపుడులో నామ్ ప్లా అనే చేపల రసం, నామ్‌మన్ హోయ్ అనే ఆల్చిప్పల సాసు పడతాయి. గ్రీన్ కర్రీ ముద్దలోనే రొయ్యల ముద్ద నూరి ఉంటుంది, వండాక తీసేయడం కుదరదు. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు. ‘మాంసం వద్దు’ అంటే పంది ముక్కలు ఏరి అదే బాణలిలో చేసి ఇస్తారు, వాళ్ళ దృష్టిలో మాట నిలబెట్టుకున్నట్టే.

అడగాల్సిన మాట ‘జే’. ఇది బౌద్ధుల నియమ భోజనం. మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీక మాసంలో తినే పద్ధతికి చాలా దగ్గర. పసుపు రంగు జెండా మీద ఎర్రటి అక్షరాలు, దూరం నుంచి 17 అంకెలా కనిపిస్తుంది, అది ఉన్న బండి దగ్గర పెద్దవాళ్ళు నిశ్చింతగా తినొచ్చు. ‘మంగ్‌సవిరత్’ అంటే మామూలు శాకాహారం, అందులో గుడ్డు రావచ్చు. కాబట్టి ఇంకో మాట కలపాలి: ‘మై సై ఖై’, గుడ్డు వెయ్యొద్దు. ‘మై సై నామ్ ప్లా’, చేపరసం వద్దు. పిల్లలకి ‘మై ఫెట్’, కారం వద్దు. తెల్లన్నం ‘ఖావ్ సుఎయ్’. ఇవి థాయి లిపిలో ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుని చూపిస్తే మన ఉచ్చారణ సమస్య ఉండదు.

టెర్మినల్ 21 పై అంతస్తులో పియర్ 21 ఫుడ్ కోర్టు ఉంది, అశోక్ వంతెన నుంచి లోపలికే దారి. డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి, మిగిలింది వెళ్ళేముందు తిరిగిస్తారు. ఆ మాల్‌కీ, పక్క మాల్స్‌కీ ఇంకో ఉపకారం: మరుగుదొడ్లు. చాలా బీటీఎస్ స్టేషన్లలో ఉండవు, రైలెక్కే ముందే పాపని మాల్‌లో తీసుకెళ్ళండి. నీళ్ళు కొట్టుకునే పైపు చాలాచోట్ల ఉంటుంది, ఆ దిగులు వద్దు.

సెవెన్ ఎలెవెన్‌లో వేడి చేసి ఇచ్చే శాండ్‌విచ్ పిల్లలు అడుగుతారు, చాలావాటిలో హ్యామ్ ఉంటుంది. పెరుగు కూడా ఎక్కువగా తియ్యటిదే, కప్పు వెనక పదార్థాల్లో చక్కెర లేనిది వెతకాలి. అందరికీ నచ్చేది మామిడిపండుతో జిగురన్నం, కొబ్బరిపాలు తప్ప ఏమీ ఉండదు. జనవరిలో పండు కొంచెం ఖరీదు. కుళాయి నీళ్ళు తాగకండి. అపార్ట్‌మెంట్ అయితే పెద్దవాళ్ళకి రాత్రి పూట అన్నం మీరే వండేయండి, బియ్యం, పప్పులు పహురాత్‌లో దొరుకుతాయి.

గోరింటపూలు:

అందరికీ చాలా థాంక్స్. నానా, జూ, డామ్నోన్ సదువాక్ మూడూ కొట్టేశాను. మూడు చిన్న ప్రశ్నలు. ఏ రోజు ఏది పెట్టుకుంటే మంచిది? ‘ప్యాలెస్ ఈరోజు మూసేశారు’ అనే మోసం ఇంకా ఉందా? అత్తయ్యగారికి నడుమ ఏదైనా ఇబ్బంది వస్తే?

రేవుదారి:

రోజుల సంగతి. జనవరి రెండో శనివారం థాయిలాండ్‌లో బాలల దినోత్సవం, మీ శనివారం అదే. పిల్లలకి చాలాచోట్ల ఉచితం, అందుకే ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉంటారు. ఆ రోజు మ్యూజియంలు, అక్వేరియం వద్దు. గురువారం దిగగానే ఏదీ పెట్టుకోకండి, నిద్రయ్యాక నాలుగున్నరకి బెంచకితి పార్కు. సుఖుంవిత్ నుంచి ఎంఆర్‌టీలో ఒక్క స్టేషన్, స్ట్రోలర్ హాయిగా నడుస్తుంది. శుక్రవారం ప్యాలెస్. శనివారం పొద్దున వాట్ ఫో, వాట్ అరుణ్. ఆదివారం చతుచక్ పక్కన ఉన్న చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియం, సోమవారం దానికి సెలవు కాబట్టి ఆదివారమే. నీళ్ళలో ఆడుకునే చోటుంది, ఒక జత బట్టలు అదనం. చతుచక్ వారాంతపు బజారు పక్కనే, స్ట్రోలర్‌తో అందులోకి దూరకండి. మీలో ఒకరు గంటసేపు వెళ్ళొస్తే చాలు. సోమవారం సయామ్ పారగాన్ కింద అక్వేరియం, సాయంత్రం ఐకాన్‌సయామ్‌కి సాథోర్న్ రేవు నుంచి ఉచిత పడవ.

ప్రతి రోజూ పన్నెండింటికల్లా గదికి. పాప నిద్ర, పెద్దవాళ్ళ నడుం వాల్చడం, మళ్ళీ నాలుగున్నరకి. లుంఫిని పార్కుకి వెళ్తే పొద్దున ఏడింటికి వెళ్ళండి, చెరువు గట్టున మనిషి పొడుగు ఉడుములు ఎండ కాచుకుంటూ ఉంటాయి. బాబు దగ్గరికి పోకుండా, తిండి వెయ్యకుండా చూడండి, వాటంతట అవి ఏమీ అనవు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి పార్కుల్లో, స్టేషన్లలో జాతీయగీతం వస్తుంది, అందరూ ఆగిపోతారు, మీరూ ఆగండి. ఈ నెలల్లో ఒక్కోసారి పొగమంచులా కనిపించేది మంచు కాదు, పీఎం 2.5, అంటే గాలిలోని సన్నటి కాలుష్యపు ధూళి. రోజూ పొద్దున గాలి సూచిక చూసి, బాగోకపోతే ఆ రోజు మాల్‌కి మార్చుకోండి.

లెక్కలమాస్టారు:

మోసం ఉంది. గోడకి దక్షిణం వైపు, పడమటి వైపు మూసి ఉన్న ద్వారాల దగ్గర మర్యాదగా మాట్లాడే మనిషి ‘పూజ జరుగుతోంది, రెండింటికి తెరుస్తారు, ఈలోపు ఇరవై బాట్లకి మూడు గుళ్ళు చూపించి తెస్తాడు’ అని టుక్‌టుక్ చూపిస్తాడు. మూసి ఉన్న ద్వారం కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి నమ్మేస్తారు. ఆ ఇరవై బాట్ల ప్రయాణం రంగురాళ్ళ కొట్టు దగ్గరో, సూట్లు కుట్టే కొట్టు దగ్గరో ఆగుతుంది. డ్రైవర్‌కి అక్కడ కమీషన్. నా ఫ్రా లాన్ ద్వారం దగ్గర నేరుగా దిగితే ఈ మనిషి తగలడు. లోపల టికెట్ కౌంటర్‌లో ఉన్నవాళ్ళు చెప్తే తప్ప మూసేశారని నమ్మొద్దు.

టూరిస్టు పోలీసు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. అంబులెన్సు 1669. పెద్దవాళ్ళ ప్రయాణ బీమాలో ముందే ఉన్న జబ్బులకి వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ కాగితంలో చదివి కొనండి, షుగరు, బీపీ దాచి కొన్న పాలసీ అవసరం వేళకి చెల్లదు. మోకాళ్ళకి బలమైన నొప్పి మాత్రలు గానీ, నిద్రమాత్రలు గానీ వాడుతుంటే మందుల పేర్లు టైపు చేసిన డాక్టరు చీటీ, మందులు అసలు అట్టల్లోనే, చేతి సంచిలో. కొన్ని మందులకి అక్కడ ముందస్తు అనుమతి కావాలి, థాయి ఆహార, ఔషధ సంస్థ జాబితాలో చూసుకోండి.

చెట్టునీడ:

మంగళవారం పొద్దున సువర్ణభూమిలో పాస్‌పోర్టు తనిఖీ అయ్యాక ఎదురుగా పెద్ద శిల్పం ఉంటుంది: దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క వాసుకిని పట్టుకుని క్షీరసాగరం చిలుకుతూ. చాలామంది గేటు వైపు పరుగెత్తుతూ దాటేస్తారు. పది నిమిషాలు అదనంగా పెట్టుకోండి, మావయ్యగారికి పిల్లలకి కథ చెప్పే పని దొరుకుతుంది, మీరు ఈలోపు వాటర్ బాటిళ్ళు నింపుకోవచ్చు.